ఎవరు పెట్టారో వాళ్ళకే

మూడో డివిజన్ లైన్లు, కౌలా సెలంగోర్ దారి
ఫిబ్రవరి 11, ఆదివారం

ప్రియమైన వనెస్సాకు ఇవాంజలిన్ వందనాలు.

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకు నోరు రావడం లేదు. మొత్తం తొమ్మిది వాక్యాలు, అందులో మూడు క్లాంగ్ ఎండ గురించి! సండే స్కూలు వరండాలో మా మామ్మ బైబిలు మీద చేతులు వేసి మనం ఏమని ప్రమాణం చేశాం? సొల్లు కబుర్లన్నీ ఫోనులో, తమిళంలోనో ఇంగ్లీషులోనో. నిజాలు మాత్రం కాగితం మీద, తెలుగులో. మన వయసు వాళ్ళలో ఈ అక్షరాలు రాయగలిగేది మనిద్దరమే. మీ నాన్న తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. ఇంక నీకు భయమేమిటి?

కోళ్ళ సంగతి ముందు చెప్తాను, లేకపోతే బెంగపడతావు. ఎస్తేరు బతికే ఉంది. దాని చెల్లెల్ని ఉడుము ఎత్తుకుపోయింది. పట్టపగలు కాలువ గట్టు దిగి, పెళ్ళికి పిలిచిన చుట్టంలా నింపాదిగా వచ్చి, నోట కరుచుకుని పోయింది. నేను చీపురుతో కాలువ దాకా తరిమాను. అది వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూసింది. ఆ చూపు అచ్చం మన ఎస్టేటు మేనేజరు చూపే.

ఇంకో సంగతి. టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాలని నా సర్టిఫికెట్లు అడిగాను మామ్మని. ఇచ్చిందనుకున్నావా? "మీ అమ్మ ఎట్టింది, మీ అమ్మే రావాల" అని కూర్చుంది. కాగితాలు నావి, మార్కులు నావి, ఇల్లూ మనదే! అమ్మ తెలుక్ ఇంటాన్ ఆసుపత్రి వంటగదిలో సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చి, "అత్తా, ఇయ్యండి" అని అడిగితే అప్పుడు మెడలో తాళంచెవి తీసింది. ఎప్పుడో వరదకి ఈ కూలీ లైన్లలో అందరి కాగితాలూ కొట్టుకుపోయాక, అందరివీ దాచడానికి మామ్మ మొదలుపెట్టిన పెట్టె అది. ఇప్పుడు ఎవరికి కావాలి అంత కాపలా?

అసలు విషయానికి వస్తాను. డిసెంబరులో మీ నాన్న కూలీ కాంట్రాక్టు మీద తెచ్చిన ఆరుగురిలో ఎర్రయ్య అని ఒకతను ఉన్నాడు. శ్రీకాకుళం సముద్రం వైపు మనిషి. మొదటి వారం మన గుమ్మం ముందు నుంచి పోతుంటే మామ్మ "ఏటిరా నాయినా, కూడు తిన్నావా?" అంది. అతను పామాయిల్ గెలల బండి వదిలేసి నిలబడిపోయాడు. "ఏటమ్మా, మా యమ్మలాగ మాటాడతన్నావు" అన్నాడు. మామ్మ పుట్టింది ఇక్కడే. ఆ ఊళ్ళు ఆవిడ కంటితో చూడలేదు. అయినా మాట అదే మాట. ఆ రోజు నుంచి ఆరుగురికీ ఆదివారం చారు మన ఇంట్లోనే.

ఎర్రయ్య భార్యకు గుండెలో కవాటం చెడిపోయిందట. విశాఖపట్నంలో ఆపరేషన్‌కి జూన్ పదో తారీఖు ఇచ్చారు. అతను వెళ్ళాలి. వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. ఆరుగురి పాస్‌పోర్టులూ వచ్చిన వారంలోనే మీ నాన్న తీసేసుకున్నాడు.

నువ్వు ఆ ఆఫీసులోనే కూర్చుంటావు. కనుక్కుని రాయి. తొమ్మిది వాక్యాలు కాదు.

నీ ఏవా


క్లాంగ్, చీరల కొట్టు మీద
ఫిబ్రవరి 25

ప్రియమైన కోపిష్టికి,

వాక్యాలు లెక్కపెట్టుకో, ఇవి తొమ్మిది దాటతాయి. కింద కొట్టులో పొద్దున్నుంచి ఒకే పాట వేస్తున్నారు. నా వేళ్ళు దాని తాళానికే టైపు కొడుతున్నాయి. పక్క టేబుల్ మలర్ అక్క, ఇక్కడి అందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి అంటుంది, "నీ బాస్ నీ అప్పానే కదా, పాట ఆపమని చెప్పించు లా" అని. మా నాన్న మాట విని పాట ఆపేవాడు ఇంకా పుట్టలేదక్కా అన్నాను.

ఎస్తేరు చెల్లెలికి నా సంతాపం. కోళ్ళ గూటికి కింద కూడా వల వెయ్యి. ఉడుము పక్కనుంచి రాదు, మట్టి తవ్వుకుని వస్తుంది. చీపురుతో యుద్ధాలు చెయ్యకు. నువ్వు ఏ యుద్ధానికైనా చేతికి దొరికింది పట్టుకుని పరిగెడతావు, అదే నీతో చిక్కు.

ఎర్రయ్య భార్య సంగతి విని బాధ కలిగింది. పాస్‌పోర్టుల విషయం నాన్న చూసుకుంటాడు. నేను పేర్లూ నంబర్లూ టైపు చేస్తాను, అంతే. జూన్‌కి ఇంకా చాలా రోజులున్నాయి కదా. ఎర్రయ్యనే మెల్లగా ఇంకోసారి అడగమను. నువ్వు మాత్రం అడగకు. నువ్వు అడిగితే ఇచ్చేవాడు కూడా ఇవ్వడు.

మామ్మను ఇందులోకి లాగకు. పెద్దావిడ.

ఇక్కడి రొట్టెల్లో ఉప్పు లేదు. మీ ఇంటి చారు తాగి ఎన్నాళ్ళయిందో.

నీ వనెస్సా


మూడో డివిజన్
మార్చి 17

వనెస్సాకు,

అడగకు అన్నావు. అడిగాను.

ఆరాధన అయ్యాక మీ నాన్న చర్చి బయట కారు అద్దం తుడుచుకుంటున్నాడు. వెళ్ళి "మావా, ఎర్రయ్య పాస్‌పోర్టు ఇచ్చెయ్యండి, ఊరెళ్ళాలి" అన్నాను. మర్యాదగానే అన్నాను, ఒట్టు.

"ఏటమ్మా ఏవా, లాయరు అయిపోనావా?" అన్నాడు నవ్వుతూ. "సేఫ్‌గా ఉన్నాది లా. నా దగ్గర కన్నా సేఫ్‌గా ఉన్నాది."

"సేఫ్ ఎవరికి మావా?"

"పోయినసారి ముగ్గురికి సేతికిచ్చినాను. తెల్లారేసరికి ఇంకో ఎస్టేటుకి జంపు. పర్మిట్ మీద పేరు ఎవుడిది? నాది. ఇమిగ్రేషనోళ్ళు పట్టుకునేది ఎవుణ్ణి? నీ తాతనా?"

"పెళ్ళాం ఆపరేషన్ అంటే జంపు ఎందుకవుతాడు?"

"అందరి పెళ్ళాలకీ ఆపరేషనే లా" అన్నాడు మీ నాన్న. కారెక్కాడు. అద్దం దించి మళ్ళీ, "దరఖాస్తు ఎట్టినావంట కదా? మంచిది. సదువుకో. ఇయి సిన్నపిల్లల సంగతులు కావు" అన్నాడు. ఆ మెత్తదనం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తిడితే బాగుండేది!

తాతయ్య బిస్కెట్ డబ్బాలో దాచిన కరపత్రాలు తెలుసు కదా, నేను తెలుగు నేర్చుకున్నదే వాటితో. సారా మానండి, సంఘంలో చేరండి, పరలోకం సమీపించింది, అన్నీ కలిపి. అందులో ఒకటి, అంచులు చెదలు తిన్నది, "కూలి సోదరా! నీ కాళ్ళు నీవే అయినప్పుడు నీ దారి వేరొకని జేబులో ఎందుకున్నది?" అని మొదలవుతుంది. చిన్నప్పుడు మనం దాన్ని పాటలా చదివి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. క్లాంగ్ బస్టాండులో ఎవరో పంచిన కొత్త కాగితం కూడా నా దగ్గరుంది. ఒకరి పాస్‌పోర్టు మరొకరు పట్టుకోవడం ఈ దేశంలో నేరమని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఎర్రయ్యకు చదివి వినిపించాను. తలూపాడు. "సట్టం ఉంది గానీ కాయితం నేదు కదమ్మా" అన్నాడు.

మీ ఆఫీసులో బూడిదరంగు బీరువా ఉంది. తాళం నీ సొరుగులో ఉంటుంది. తియ్యి. చూడు. ఇంకెన్నాళ్ళు టైపు కొడుతూ కూర్చుంటావు?

వల కిందా పైనా వేశాను. ఉడుము మళ్ళీ రాలేదు. ఆ ఒక్క సలహా పనికొచ్చింది.

ఏవా


క్లాంగ్
మార్చి 26

ఏవా,

బీరువా చూశాను. అందులో లేవు. నిజం చెప్తున్నాను. ఇక నన్ను అడగకు.

ఈస్టరుకి రావడం లేదు. మామ్మకు నా వందనాలు చెప్పు.

వనెస్సా


మూడో డివిజన్
ఏప్రిల్ 16

జోసెఫ్ గారి కుమార్తెకు,

ఆరు వాక్యాలు. ఈసారి తొమ్మిదికి కూడా గతి లేదు నీకు.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచి నిలబడ్డాను. సహోదరి ఇవాంజలిన్ ప్రభువు చేసిన మేలు చెప్తుందని పాస్టరుగారు చిరునవ్వుతో తలూపారు. నేను చెప్పాను. "ఈ మందిరంలో మొదటి బల్ల మీద కూర్చునే పెద్దమనిషి ఆరుగురి దారి తన దగ్గర దాచుకుని ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తున్నాడు. ఆ రొట్టె గొంతు ఎలా దిగుతోందో ఆయన్నే సాక్ష్యం చెప్పమనండి" అన్నాను. మీ నాన్న తల తిప్పలేదు. మామ్మ నా పావడా పట్టుకుని "కూకో గుంటా! కూకో!" అని లాగింది. పాస్టరుగారు గబగబా పాట నంబరు చెప్పేశారు, అదీ క్రిస్మస్ పాట!

ఆ రోజు నుంచి మామ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, కంచం నా వైపు తోస్తుంది, అంతే.

నాకు గర్వంగానే ఉండేది, నిన్నటి దాకా. నిన్న ఎర్రయ్యను ఏడో బ్లాకుకి మార్చారు. అక్కడ ఎప్పుడూ మోకాలి లోతు నీళ్ళు. సాయంత్రం కాలువ దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే కనిపించాడు. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. తలెత్తకుండానే అన్నాడు: "బాగా మాటాడినావంట తల్లీ. నీకు పేరు. నాకు ఏడో బ్లాకు. నీ కోపంతో నాకు పనేటి? నాకు పాస్‌పోర్టు కావాల."

ఆ మాట ఎవరి వల్ల పడ్డాను? నీ వల్ల. నీకు తెలుసు. ఎక్కడున్నాయో నీకు తెలుసు. బీరువాలో లేవు అని రాశావు గానీ నాకు తెలియదు అని రాయలేదు. నేను వెర్రిదాన్ని కాదు. నువ్వు టైపు కొట్టే ప్రతి కాగితం ఒక సంకెల. నువ్వు తినే ఉప్పులేని రొట్టె ఆ ఆరుగురిదీ. దొంగ కూతురికి దొంగతనం ఇంటి పని లాగే ఉంటుంది కాబోలు, కంటికి ఆనదు! నాతో అక్షరాలు దిద్దిన వనెస్సా క్లాంగ్ బస్సెక్కిన రోజే చచ్చిపోయింది. నేనే ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇవాంజలిన్


క్లాంగ్
ఏప్రిల్ 22

ఇవాంజలిన్,

నీ ఉత్తరం దీనితోనే తిప్పి పంపుతున్నాను. పైన నా పేరుంది గానీ ఇది నాది కాదు. నువ్వే ఉంచుకో. ఎప్పుడైనా చదువుకో, ఎవరి చెయ్యి రాసిందో చూసుకో.

నీకు నిజం కావాలి. నిజం అంటే నువ్వు లేచి నిలబడి చెప్పేది అనుకుంటావు. కూర్చుని మోసేది కూడా ఉంటుంది. రెండు నెలలు నేను మోశాను. ఎందుకో తెలుసా? నువ్వు ఇంట్లో ఉండలేవని. నీ నోరు నాకు తెలుసు. తెలిసిన గంటలో ఆవిడ మీద కూడా అరుస్తావని.

ఇదిగో, తీసుకో. మీ ముందుగదిలో మామ్మ మంచం కింద రేకు పెట్టె. అందులో అందరి కాగితాలకీ అడుగున, పచ్చ ప్లాస్టిక్ సంచి. ఆరు పాస్‌పోర్టులు. క్రిస్మస్ మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నాయి. నువ్వు రోజూ దాని పక్కనే చాప వేసుకుని పడుకుని దొంగలెవరా అని కరపత్రాలు చదువుకుంటున్నావు.

ఆ రోజు నువ్వు ఎక్కడున్నావో గుర్తుందా? బిర్యానీ గిన్నె దగ్గర గరిటె పట్టుకుని పామాయిల్ కంపెనీల మీద ఉపన్యాసం ఇస్తున్నావు. మీ గుమ్మంలోకి ఎవరు వెళ్ళారో, ఎవరు వచ్చారో నువ్వు చూడలేదు. నువ్వు ఎప్పుడూ దూరంగా ఉన్నవాళ్ళనే చూస్తావు.

ఇప్పుడు లేచి నిలబడి సాక్ష్యం చెప్పు, చూద్దాం.

వనెస్సా


మూడో డివిజన్
మే 1

వనెస్సాకు,

ఇవాళ కార్మికుల దినం. ఎస్టేటుకి సెలవు. నేను పొద్దున్న చేసిన పని చెప్తాను, విను.

నీ ఉత్తరం ఆరు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అబద్ధమని అనుకోవాలని చాలా చూశాను. ఇవాళ మామ్మ కోళ్ళకి నూకలు వేస్తుంటే మంచం కిందికి దూరి పెట్టె ఈడ్చాను. తాళం ఇత్తడిది, పిడికిలంత. గోడకున్న పారాంగు కత్తి తీసుకున్నాను. గడియ మీద ఒక దెబ్బ వేశాను. చప్పుడుకి మామ్మ వచ్చింది. వచ్చి, పెట్టె మీద కూర్చుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని మరీ కూర్చుంది.

రెండు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట: "కొట్టు."

"మామ్మా, లే. అందులో ఆరుగురి పాస్‌పోర్టులున్నాయి."

"ఉన్నాయి. నీకెవులు సెప్పినారు?"

"నీకు తెలుసా అవి ఏమిటో? తెలిసే ఉంచావా?"

"తెలుసు. ఆలు పరాయి దేసంలో ఉన్నోళ్ళు. ఆ రేకుల షెడ్డు కారిపోతాది. కాయితాలు తడిసిపోతే ఆలు ఏటవుతారు? మన పెట్టిలో ఎడితే నీళ్ళు రావు, సెదలు రావు, దొంగలు రారు. నలబయ్యేళ్ళ పైన అయినాది. ఒక్కలిది పోనాదా?"

"దొంగలు రానక్కర్లేదు మామ్మా, మనమే ఉన్నాం! ఎర్రయ్య ఎదురుగానే ఉన్నాడు. నీ చేత్తో చారు పోస్తున్నావు. అతనిది అతనికి ఇచ్చెయ్!"

"ఆడు ఎట్టినాడేటి?" అంది. నిజంగానే అడుగుతోంది వనెస్సా! మొహంలో మోసం లేదు. "ఎవులు ఎట్టినారో ఆలకే ఇత్తాను. ఒకలు ఎట్టింది ఇంకొకలికి ఇచ్చేత్తే అది పెట్టి అవతాదా, సంత అవతాదా? మీ తాత సచ్చిపోయేటప్పుడు ఆడి తమ్ముడొచ్చి ఇంటి కాయితం అడిగినాడు. మీ తాత మొహం సూసి కూడా ఇయ్యనేదు నాను. తాతే లేచి కూకుని అడిగినాక ఇచ్చినాను. అలాటిది, నువ్వు కత్తట్టుకోని వత్తే ఇత్తానా?"

"ఎవరు పెట్టారు? జోసెఫ్ మావేనా?"

"పెట్టి గలది పేర్లు సెప్పదు."

నేను అరిచాను. చాలా అరిచాను. ఏమేం అన్నానో రాయలేను. నువ్వు ముందే ఊహించినవన్నీ అన్నాను. లైనులో అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఎర్రయ్య కూడా వచ్చాడు. అతను చెప్పులు బయట వదిలి, లోపలికి వచ్చి, నా చేతిలోంచి కత్తి తీసుకుని గోడకి తగిలించాడు. మామ్మ ముందు కింద కూర్చున్నాడు. "అమ్మా, నాది నాకియ్యి" అన్నాడు. అంతే. మామ్మ కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఎట్టినోళ్ళని తీసుకురా నాయినా. ఆల నోట ఒక్క మాట. నిన్నాపేదాన్ని కాను" అంది. అతను లేచి వెళ్ళిపోయాడు. చారు తాగడానికి రాలేదు.

తాతయ్య డబ్బా అంతా నేల మీద బోర్లించి మళ్ళీ చదివాను. దొర ఉన్నాడు, కూలీలను తోలుకొచ్చే కంగాణీ ఉన్నాడు, సారా కొట్టువాడు ఉన్నాడు. మామ్మ ఎక్కడా లేదు. మామ్మను ఏం చెయ్యాలో ఒక్క కరపత్రం కూడా రాయలేదు. రాసినవాళ్ళ మీద కూడా కోపం వస్తోంది.

మీ నాన్న వచ్చి అడగడు. నలభై రోజులే ఉన్నాయి. ఈ ఉత్తరం నిన్ను తిట్టడానికి కాదు. ఎందుకు రాస్తున్నానో కూడా తెలియదు. నిజాలు కాగితం మీద అనుకున్నాం కదా. రాశాను.

ఇవాంజలిన్


క్లాంగ్
మే 12

ఏవా,

పెట్టింది నాన్న కాదు. నేను.

క్రిస్మస్‌కి మేం కారు దిగుతుంటే పచ్చ సంచి నా ఒళ్ళో పెట్టి, "మామ్మకి ఇచ్చి రా. నానిస్తే వంద ప్రశ్నలు అడుగుతాది, నువ్వైతే అడగదు" అన్నాడు. ఏమిటని అడగలేదు నేను. బరువును బట్టే తెలిసింది, వాటి నంబర్లు టైపు చేసింది నేనే కదా. మామ్మ పెట్టె తెరిచి "ఎట్టు తల్లీ" అంది. నా చేత్తో అడుగున పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి "బాగుండు" అంది. ఆ చెయ్యి ఇంకా నా తల మీద ఉన్నట్టే ఉంటుంది. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ బరువెక్కుతుంది.

మామ్మ నియమం నాన్నకు బాగా తెలుసు. అందుకే నాచేత పెట్టించాడు. కూతురు తనని అడక్కుండా తియ్యదని. ఇన్నాళ్ళూ తియ్యలేదు కూడా. నీ కోపం సగం తప్పు, ఏవా. మిగతా సగం నాకు తగలాల్సిందే.

రావాలి గానీ రాలేను. ఆవిడ మొహం చూడలేను. అందుకని దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. ఆవిడే దిద్దించిన అక్షరాలు, ఆవిడకి తెలుస్తుంది నా చెయ్యి. ఆవిడకే ఇవ్వు. నువ్వు చదివి వినిపించకు. నీ గొంతు కలిస్తే అది నీ మాట అయిపోతుంది.

నాన్నకు నిన్న రాత్రి అన్నం దగ్గర చెప్పేశాను. కంచం ముందు నుంచి లేచి, "అయితే ఆ లైన్లకే పో" అన్నాడు. లైన్లకి కాదు, మలర్ అక్క గదికి వచ్చాను. అక్క నా పెట్టె చూసి, "నీ అప్పా పాట ఆపలేడు గానీ నిన్ను బాగానే ఆపుతున్నాడు అనుకున్నాను. పర్లేదు లా" అంది.

వనెస్సా


(లోపలి కాగితం)

పూజ్యురాలైన రత్నావతి మామ్మగారికి, మీ సండే స్కూలు పిల్ల వనెస్సా వందనాలు.

క్రిస్మస్ నాడు మీ పెట్టెలో నా చేత్తో ఒక పచ్చ సంచి పెట్టాను. అందులో ఆరున్నాయి. పెట్టినదాన్ని నేనే కనుక అడిగేదాన్నీ నేనే. దయచేసి వాటిని తీసి, ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వండి. ఎర్రయ్యది ముందు ఇవ్వండి.

అవి నావి కావని తెలిసే పెట్టాను. మీకు చెప్పలేదు. మీ పెట్టెను నేను పాడు చేశాను. క్షమించమని అడగడానికి వస్తాను, ఇప్పుడు కాదు.

వనెస్సా


మూడో డివిజన్
జూన్ 16, ఆదివారం

మలర్ అక్క గదిలో ఉన్న నా వనెస్సాకు, ఏవా వందనాలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. కోపం మధ్యలో వస్తే వస్తుంది.

నీ కాగితం మామ్మ చేతికిచ్చి నేను బయటికొచ్చి కోళ్ళ గూటి దగ్గర నిలబడ్డాను. నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో నీకేం తెలుసు! ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి చదవలేదు, కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత "ఒలే" అని పిలిచింది. "ఆలని రమ్మను. కాళ్ళు కడుక్కోని రమ్మను."

ఆరుగురూ వచ్చారు. మామ్మ తాళం తీసింది. నా కత్తి దెబ్బకి గడియ వంగి ఉంది, రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. నా వైపు ఒక చూపు చూసింది. పచ్చ సంచి విప్పి మొదటిది తీసి, అందులో ఫొటో చూసి, మనిషిని చూసి, "నీదేనా?" అని ఎర్రయ్యకు ఇచ్చింది. అతను దాన్ని చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు. ఆరుగురికీ అలాగే. అయ్యాక ఖాళీ సంచి మడిచి, ఎవరితోనూ కాదు, తనలో తనే అంది: "పేరు రాసే ఉన్నాది. బొమ్మ కూడా ఉన్నాది. ఇన్నేళ్ళు ఎట్టిన సెయ్యే సూసినాను గానీ, పేరు సూడనేదు."

తర్వాతి ఆదివారం మీ నాన్న వచ్చాడు. చర్చికి కాదు, నేరుగా మన గుమ్మానికి. "పెద్దమ్మా, నా మనుసుల కాయితాలు ఎలాగిచ్చేసినావు?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. మామ్మ చెయ్యెత్తింది. "నీ కూతురు ఎట్టింది. నీ కూతురు తీసింది. మజ్జిన నువ్వెవులివి?" అంది. నేను నా జన్మలో ఇంత బాగా తిట్టలేను వనెస్సా! మీ నాన్న గుమ్మం దిగబోతూ, "అది బాగున్నాదా?" అని అడిగాడు. నీ గురించే. మామ్మ కోళ్ళ వైపు వెళ్ళిపోయింది. చెప్పాలనిపించింది గానీ నేనూ చెప్పలేదు. ఇది నా దగ్గర ఉంచుకోకూడదని రాస్తున్నాను.

ఆ ఆరుగురిలో ఒక్కడు కూడా జంపు కొట్టలేదు. ఎర్రయ్య తప్ప అందరూ ఇక్కడే గెలలు కోస్తున్నారు. మీ నాన్నకి ఆ మాట చేరేలా చూడు.

ఎర్రయ్య ప్రయాణం పాస్టరుగారూ చర్చివాళ్ళూ కలిసి చూశారు. క్రిస్మస్ పాట పాడించినాయనే విమానం దాకా దింపి వచ్చాడు. వెళ్ళేముందు ఎర్రయ్య నాతో, "కోపం మంచిదే తల్లీ. కాసింత ఆపుకోని వాడుకో" అన్నాడు. ఏడో బ్లాకు విషయం అతనింకా మరిచిపోలేదు. నేనూ మరిచిపోను. మొన్న ఫోను చేశాడు. పదో తారీఖునే ఆపరేషన్ అయింది. ఆమె లేచి కూర్చుందట. మామ్మ ఫోను చెవికి రెండు చేతులా పట్టుకుని, "ఏటమ్మా, కూడు తిన్నావా?" అని అడిగింది. అటునుంచి ఏం వినపడిందో మాకు చెప్పలేదు.

నువ్వు తిప్పి పంపిన నా ఉత్తరం నా దిండు కింద ఉంది. చించేద్దామనుకున్నాను. చించితే రాయనట్టు అవుతుంది. నేను రాశాను. నీ మొహం మీద దొంగ కూతురు అని రాశాను. అది నువ్వు కాదు. తప్పు నాది, ఇంతకన్నా అందంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇవాళ పొద్దున్న దాన్ని మడిచి మామ్మకిచ్చి పెట్టెలో పెట్టమన్నాను. తాళం తీసింది. పెట్టబోతూ ఆగి, కాగితం తిప్పి, పైనున్న పేరు చూసింది.

"ఇది వనెస్సాది కాదా?"

"పెడుతున్నది నేనే కదా మామ్మా. అడిగితే నాకే ఇవ్వాలి."

"అది పాత లెక్క" అంది మామ్మ. "పేరు ఎవులిదో ఆలకే."

లోపల పెట్టి తాళం వేసేసింది. నాకు ఇవ్వదట. పోస్టులో పంపదట. ఎవరి చేతికీ ఇవ్వదట. నువ్వే రావాలి, నీ నోటితో అడగాలి. క్లాంగ్ నుంచి ఆదివారం మొదటి బస్సు ఎక్కు. ఎస్తేరు పిల్లల్ని చేసింది, ఏడు. చారు మామ్మ పెడుతుంది. పొయ్యి నేను వెలిగించి ఉంచుతాను, నీదైన ఆ ఉత్తరం తీసుకుని నీ చేత్తో అందులో వేద్దువు గాని.

నీ ఏవా